తొలి అడుగు వేసిన ఆడబిడ్డలు, వాళ్ల పక్కన నిలబడ్డవాళ్లు

(అచ్చంపేటలో గిరిజన యువతీ యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజినీరింగు, సైన్సు, వైద్యం. ఈ మూడు దారుల్లో ముందుగా నడిచిన మహిళల గురించి మాట్లాడమని మమ్మల్ని అడిగారు. ఇట్లాంటి సభల్లో మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. నాలుగు పేర్లు చెప్తారు, నాలుగు బిరుదులు చెప్తారు, మనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. ఆ పేర్లు మనకు దూరంగా, గోడ మీది ఫొటోల్లాగా ఉండిపోతాయి. మేము ఈ రోజు ఇంకో తీరుగా చెప్పాలనుకున్నాం. ప్రతి పేరు దగ్గర ఆగి ఒక ప్రశ్న అడుగుదాం: ఆమె పక్కన ఎవరు నిలబడ్డారు? ఈ సభలో ఉన్న అందరం ‘తొలి మహిళ’ కాలేం. కానీ ఒక ఆడబిడ్డ పక్కన నిలబడడం మాత్రం మనలో ప్రతి ఒక్కరి చేతిలో ఉన్న పనే.

ముందు మన పాత రాజ్యం నుంచే మొదలుపెడదాం. మన నాగర్‌కర్నూల్ జిల్లా మొన్న 2016లో ఏర్పడింది. అంతకు ముందు మనది మహబూబ్‌నగర్ జిల్లా. ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన పాలనలోనే, 1885లో, హైదరాబాద్ మెడికల్ స్కూలులో కొందరు ఆడపిల్లలు వైద్యం చదవడానికి చేరారు. అందులో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ కుటుంబం. 1889లో ‘హకీం’ పట్టా తీసుకున్నారు.

అప్పట్లో ఆపరేషన్ అంటే భయం. రోగికి క్లోరోఫాం వాసన చూపి మత్తు ఇచ్చేవాళ్లు. కొందరు ఆ మత్తులోనే ప్రాణం విడిచేవాళ్లు. ఎందుకు చనిపోతున్నారు, గుండె ఆగా, ఊపిరి ఆగా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతా వాదన నడిచింది. ఆ మెడికల్ స్కూలు పెద్ద, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, దీన్ని తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులోనే పరీక్షలు చేయించారు. నిజాం ఖర్చు భరించాడు. ‘హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్’ పేరుతో అవి వైద్య చరిత్రలో నిలిచిపోయాయి. మత్తు ఇచ్చేటప్పుడు రోగి ఊపిరి మీద నుంచి కన్ను తీయవద్దన్నది లారీ గట్టిగా చెప్పిన పాఠం. గుండె సంగతిలో ఆయన చెప్పినదంతా తర్వాత నిలబడలేదు. కానీ ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న మాట ఈ రోజుకీ ఆపరేషన్ గదిలో మొదటి పాఠమే.

ఆ చోట, ఆ రోజుల్లో మత్తు ఇవ్వడం నేర్చుకుని, అదే వృత్తిగా చేసుకున్న మహిళ రూపాబాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను లెక్కిస్తారు. అంతటితో చాలనుకోలేదు. 1909లో స్కాట్లాండ్‌లోని ఎడింబరోకు పోయి భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని వచ్చారు. అప్పటికి ఆమె డాక్టరై ఇరవై ఏళ్లు. మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చోవడానికి నామోషీ పడలేదు.

ఆమె పక్కన ఎవరున్నారు? ఆడపిల్లలకు తలుపు తీసిన ఒక బడి, ఆడపిల్ల చేతికి పని అప్పగించి నమ్మిన ఒక గురువు, తనతోపాటు అదే తరగతిలో కూర్చున్న ఇంకొందరు ఆడపిల్లలు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఇప్పుడు ఒక తెలుగింటి బిడ్డ గురించి. అయ్యలసోమయాజుల లలిత గారు. 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. చదువుకున్న ఇల్లే. అయినా పదిహేనేళ్లకు పెళ్లి చేశారు. పద్దెనిమిదేళ్లకు భర్త పోయాడు. చేతిలో నాలుగు నెలల ఆడబిడ్డ, శ్యామల. ఆ కాలంలో, ఆ కులంలో, వితంతువు బతుకు ఎట్లా ఉండేదో మీ నాయనమ్మలను అడిగితే చెప్తారు. శుభకార్యానికి ఎదురు రావద్దు, నలుగురిలోకి రావద్దు, మూల గదిలో ఉండాలి.

లలిత గారు చదువుకుంటానన్నారు. మొదట వైద్యం గురించి ఆలోచించారు. కానీ డాక్టరుకు అర్ధరాత్రి పిలుపు వస్తుంది, పసిబిడ్డను వదిలి పోవాలి. అందుకని వేళకు వెళ్లి వేళకు వచ్చే ఉద్యోగం దొరికే చదువు కావాలనుకున్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో పాసై ఇంజినీరింగు అడిగారు. అప్పటిదాకా గిండీ కాలేజీలో ఒక్క ఆడపిల్ల కూడా లేదు. తండ్రి పోయి ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారిని అడిగారు. చాకో గారు ఒప్పుకున్నారు. పై అధికారి, విద్యాశాఖ డైరెక్టర్ స్టాథమ్, అనుమతి ఇచ్చారు. 1940లో లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో చేరారు. బిడ్డను పుట్టింటివాళ్లు చూసుకున్నారు.

వందల మంది మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. హాస్టల్లో ఒంటరిగా గడిపే సాయంత్రాలు. అప్పుడు కాలేజీ వాళ్లు ఏం చేశారో వినండి. ఆమెను మానేయమనలేదు. ఇంజినీరింగులో ఆడపిల్లలకు కూడా సీట్లు ఇస్తున్నామని ప్రకటన వేశారు. మరుసటి ఏడు ఇద్దరు వచ్చారు, లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా. ఇద్దరూ సివిల్ ఇంజినీరింగు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల కోర్సు కాలం కుదించడంతో ముగ్గురూ ఒక్కసారే పట్టా పుచ్చుకున్నారు. పట్టా కాగితం మీద ‘అతడు’ అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటే అచ్చు వేసి ఉంది. దాన్ని కొట్టేసి, ‘ఆమె’ అని చేత్తో రాసి ఇచ్చారు. ఆడపిల్ల వస్తుందని ఆ అచ్చు వేసినవాళ్లు ఊహించనే లేదు.

అప్పటి త్రేసియా గారే 1971లో కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజినీరయ్యారు. మన దేశంలో ఆ పదవికి చేరిన మొదటి మహిళ ఆమె. ఒక్కతే ఉన్నప్పుడు కాలేజీ ఆ ఒక్కదాన్ని వదిలేసి ఉంటే, రెండో పేరు, మూడో పేరు మనకు తెలిసేవి కావు.

లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నారు. సిమ్లాలో ప్రభుత్వ సంస్థలో పనిచేశారు. తర్వాత 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీలో చేరి, దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నారు. కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్లు ఎట్లా ఉండాలో డిజైన్ చేయడం ఆమె పని. సట్లెజ్ నది మీద 226 మీటర్ల ఎత్తున కట్టిన భాక్రా ఆనకట్ట కరెంటుకు కూడా ఆమె పనిచేశారు. రక్షణ పరికరాలు కూడా ఆమె పనిలో భాగమే. అంటే లైనులో ఎక్కడైనా తేడా వస్తే కనిపెట్టి, క్షణంలో సరఫరా ఆపి, యంత్రాన్నీ మనిషినీ కాపాడే ఏర్పాటు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారు. మూల గదిలో ఉండాల్సిన వితంతువు సముద్రం దాటి వెళ్లి ప్రపంచం ముందు నిలబడ్డారు. 1979లో, అరవయ్యో ఏట కన్నుమూశారు.

భాక్రా మనకు దూరం. దగ్గర్లోనే చూద్దాం. ఇక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు మీద అడవి దాటి పోతే దోమలపెంట, ఈగలపెంట వస్తాయి. అక్కడ కొండ లోపల, భూమి కింద, కృష్ణ ఎడమ గట్టున విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యూనిట్లు, మొత్తం 900 మెగావాట్లు. నీళ్లు పై నుంచి కిందికి దూకి కరెంటు ఇస్తాయి. అవసరమైనప్పుడు అవే యంత్రాలు తిరగబడి నీళ్లను కింది నుంచి పైకి తోడతాయి. మనలో చాలామంది ఆ దారిన జాతరకు పోయినవాళ్లమే. ఆ కొండ లోపల ఏముందో, ఎవరు పనిచేస్తారో ఆలోచించినవాళ్లం తక్కువ.

2020 ఆగస్టు 20 రాత్రి ఆ కేంద్రంలో మంటలు లేచాయి. డ్యూటీలో ఉన్నవాళ్లలో తొమ్మిది మంది తిరిగి రాలేదు. వాళ్లలో ఒకరు యువ మహిళా ఇంజినీరు. లలిత గారు గిండీలో చేరిన 80 ఏళ్లకు, మన అడవిలోని విద్యుత్ కేంద్రంలో ఒక ఆడబిడ్డ మగవాళ్లతో సమానంగా రాత్రి డ్యూటీ చేస్తూ ప్రాణం ఇచ్చింది. ఆడపిల్లకు ఈ పనులు ఎందుకని ఎవరన్నా అంటే, ఆమెను తలుచుకోండి. ఆ తొమ్మిది మందికీ ఈ సభ తరఫున తల వంచి నమస్కరిస్తున్నాం. పనిచేసే చోట ప్రాణానికి భద్రత కావాలని అడగడం కూడా ఇంజినీరింగులో భాగమే. అది మీరు రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా మర్చిపోవద్దు.

ఇక సైన్సు. మనవాళ్లలో చాలామందికి సైన్సు అంటే బయటి నుంచి వచ్చింది అని ఒక భావన. మేము అట్లా అనుకోవడం లేదు. చెంచు తల్లి అడవిలో ఒక తీగను చూసి, దాని కింద గడ్డ ఎంత ఊరిందో, ఈ కార్తెలో తవ్వాలా, వచ్చే కార్తె దాకా ఆగాలా చెప్తుంది. తవ్వినా, మళ్లీ మొలవడానికి కొంత వదిలేస్తుంది. తండాలో కాన్పు చేసే ముసలమ్మ బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చేత్తో తడిమి చెప్పేది. ఇవి బడిలో నేర్చినవి కావు. తరాలుగా చూసి, గుర్తుపెట్టుకుని, తర్వాతివాళ్లకు చెప్పినవి. గమనించడం, గుర్తుపెట్టుకోవడం సైన్సుకు మొదటి రెండు మెట్లు. మూడో మెట్టు, పరీక్షించి చూడడం. అది మనకు అందలేదు. ఏ ఆకు నిజంగా పనిచేస్తుంది, ఏది పనిచేయదు, ఏది హాని చేస్తుంది అని తేల్చాలంటే ఆ మూడో మెట్టు ఎక్కాలి. అందుకే కాన్పుకు ఈ రోజు ఆసుపత్రికే పోవాలి, అవ్వల తెలివిని మాత్రం పారేయవద్దు.

ఈ సంగతిని పెద్ద వేదిక మీద చెప్పిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఇ.కె. జానకి అమ్మాళ్. 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. వెనుకబడిన కులమని చిన్నచూపు చూసే సమాజం అది. ఆసియా దేశాల మహిళలకు ఇచ్చే బార్బర్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి 1931లో డాక్టరేట్ తీసుకున్నారు. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చెరకు మీద, దాని అడవి చుట్టం మీద పనిచేశారు. ఆ చుట్టం ఎవరో కాదు, మన వాగుల ఒడ్డున తెల్లగా పూసే రెల్లు గడ్డి. మనం గుడిసె కప్పుకునే గడ్డిని ఆమె సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు.

1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, మనిషి భూమిని ఎట్లా మార్చాడు అనే విషయం మీద పెద్ద సదస్సు జరిగింది. పిలుపు అందిన ఒకే ఒక మహిళ జానకి అమ్మాళ్. అక్కడ ఆమె ఆదివాసుల బతుకుతెరువు గురించి, మొక్కల గురించి వాళ్లకున్న తెలివి గురించి మాట్లాడారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. మన అవ్వల తెలివిని ఒక శాస్త్రవేత్త ప్రపంచం ముందు పెట్టి దశాబ్దాలు గడిచాయి. ఆ పనిని ఇప్పుడు అవ్వల మనుమరాళ్లే చేయాలి. నల్లమల మొక్కల మీద రేపు వచ్చే పరిశోధన పత్రం మీద ఒక చెంచు బిడ్డ పేరు, ఒక లంబాడీ బిడ్డ పేరు ఎందుకు ఉండకూడదు?

మన భాషలో చెప్పడం గురించి కూడా ఒక మాట. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు 1906లో పుట్టారు. విజయవాడలో వైద్యం చేశారు, 1957లో అక్కడి నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాన్పు గురించి, పసిబిడ్డ పెంపకం గురించి తెలుగులో పుస్తకం రాశారు. తను నేర్చుకున్నది ఇంగ్లిషులోనే దాచుకోకుండా తల్లులకు అర్థమయ్యే మాటలో పెట్టారు. మీరు డాక్టరైనా, నర్సైనా, రేపు తండాలో మన లంబాడీ మాటలో, పెంటలో చెంచుల మాటతీరులో చెప్పగలిగితే, ఆ మందు సగం అప్పుడే పనిచేస్తుంది.

ఇప్పటి కాలానికి వస్తే, హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ మంజులారెడ్డి గారికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఆమె పని బ్యాక్టీరియా గోడ మీద. ఆ క్రిమి చుట్టూ వలలాంటి గట్టి గోడ ఉంటుంది. క్రిమి పెరగాలంటే ఆ వలను అక్కడక్కడ కత్తిరించి, కొత్త దారం కలపాలి. ఆ కత్తిరించే పని ఏ ఎంజైములు చేస్తాయో ఆమె బృందం కనిపెట్టింది. అవి పనిచేయకుండా ఆపగలిగితే క్రిమి పెరగలేదు. కొత్త మందులకు అది దారి. ఆమె బహుమతి వెనుక కూడా ఏళ్ల తరబడి పనిచేసిన విద్యార్థులున్నారు. సైన్సు ఒంటరి పని కాదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఆడపిల్ల పదో తరగతి పాసైన రోజు మన దగ్గర మూడు ప్రశ్నలు లేస్తాయి. దూరం పంపితే తోడెవరు? ఖర్చు ఎట్లా? పెళ్లి ఎప్పుడు? ఈ ప్రశ్నలు అడిగే తల్లిదండ్రులను మేము తప్పుపట్టడం లేదు. పాలమూరు కూలీగా ఊరు వదిలి, పునాదుల దగ్గర గుడారంలో పడుకున్నవాళ్లకు బిడ్డ గురించి భయం ఉంటుంది. 1940లో లలిత గారి ఇంట్లో కూడా ఇవే ప్రశ్నలు లేచి ఉంటాయి. తేడా ఒక్కటే. ఆ ఇంట్లో ప్రశ్నలకు సమాధానం వెతికారు. ప్రశ్నను అడ్డం పెట్టుకుని తలుపు మూయలేదు.

మనకూ సమాధానాలున్నాయి. తోడెవరు అంటే, గిరిజన గురుకులాలు, హాస్టళ్లు ఉన్నాయి. ఒకే తండా నుంచి ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలను ఒకే కాలేజీలో చేర్పించండి. గిండీలో ఆ రెండో ఆడపిల్ల ఎంత పని చేసిందో విన్నారు కదా. ఖర్చు ఎట్లా అంటే, స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నాయి. మన రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. విదేశాల్లో చదవడానికి ఎస్టీ విద్యార్థులకు ప్రభుత్వ విద్యానిధి ఉంది. జానకి అమ్మాళ్‌కు బార్బర్ స్కాలర్‌షిప్ ఎట్లాగో, మనకు ఇవి అట్లా. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం వేసవిలోనే తెచ్చి పెట్టుకోండి. కాగితం లేక సీటు పోతే ఆ బాధ చదువు రాక పోయినదానికంటే ఎక్కువ.

పెళ్లి ఎప్పుడు అంటే, చట్టం 18 నిండాలంటుంది. మేము ఇంకా ముందుకు పోయి అంటున్నాం, పట్టా చేతికి వచ్చాక. ఎక్కడన్నా చిన్నపిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు. కానీ ఫోన్ దాకా రాకముందే, ఆ ఇంటికి నలుగురు పోయి కూర్చుని మాట్లాడితే మేలు. మన నాయక్‌ల మాటకు తండాలో విలువ ఉంది. ఆ విలువను ఆడబిడ్డ చదువుకు వాడండని చేతులు జోడించి అడుగుతున్నాం.

పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకోవడంలో జాగ్రత్త. లెక్కలు ఆడపిల్లలకెందుకని ఎవరో అన్నారని ఎంపీసీ వదిలేస్తే ఇంజినీరింగు దారి అక్కడే మూసుకుపోతుంది. బైపీసీ అంటే ఒక్క ఎంబీబీఎస్సే కాదు. నీట్‌లో ర్యాంకు రాకపోతే బతుకు పోయినట్టు కాదు. వ్యవసాయం, పశువైద్యం, ఫార్మసీ, నర్సింగు ఉన్నాయి. పది అయిపోగానే పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరి, తర్వాత ఈసెట్ రాసి ఇంజినీరింగు రెండో ఏట చేరే దారీ ఉంది. నాగర్‌కర్నూల్‌లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. పాలెంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. పొద్దున పోయి మాపటికి తిరిగి వచ్చే దూరం. ఒక రోజు పోయి చూసి రండి. కళ్లతో చూసిన చోటికి పోవడానికి కాళ్లు భయపడవు.

చివరగా తమ్ముళ్లతో ఒక మాట. ఈ సభ ఆడపిల్లల కోసమని మీరు వెనుక నిలబడ్డారు. నిజానికి మీకే ఎక్కువ పని ఉంది. చెల్లె పరీక్షకు పోతే బండి మీద దింపి రావడం, ఇంట్లో నీళ్ల బిందె మీరు మోసి ఆమెకు ఒక గంట చదువుకునే టైము ఇవ్వడం, పెళ్లి మాట వస్తే ముందుగా మీరే నోరు తెరిచి ఇప్పుడే వద్దనడం. లలిత గారి పేరు పక్కన ఆ తండ్రి పేరు, ఆ ప్రిన్సిపాల్ పేరు ఈ రోజు మనం చెప్పుకున్నాం. చరిత్ర వాళ్లను మర్చిపోలేదు.

చెల్లెళ్లారా, మీలో ఎవరు మన తండాల నుంచి, పెంటల నుంచి తొలి సర్జన్ అవుతారో, తొలి శాస్త్రవేత్త అవుతారో మాకు తెలియదు. కానీ ఆ రోజు మీ పట్టా మీద మీ పేరు చూసి, మీ వెనుక ఎవరున్నారని ఎవరైనా అడిగితే, మా తండా ఉంది, మా పెంట ఉంది అని మీరు చెప్పగలగాలి. అట్లా చెప్పగలిగేటట్టు చేయడం ఈ సంఘం బాధ్యత. ఈ ఏడు మన ఊళ్లలో పది పాసైన ప్రతి ఆడపిల్ల పేరు రాసుకుందాం. జూన్‌లో ఆమె ఏ కాలేజీలో చేరిందో మళ్లీ అడుగుదాం. చేరకపోతే, ఆ ఇంటికి నలుగురం కలిసి పోదాం.